తామర పద్యానికి టీకా తాత్పర్యం

తామరంటుకొన్న తరి వైద్యు నడుగక
మందు షాపులోన మరల మరల
పాత ట్యూబు పేరు పలికి కొను నరుండు
చర్మమెల్ల చెడగ చాల వగచు

అవతారిక: భిలాయి స్మృతి నగర్‌లో మందుల షాపు ముందు నిలబడి నడుము గోక్కుంటున్న ఒక తెలుగువాణ్ణి చూసి చెప్పిన ఆటవెలది.

టీక: తామర = కొలనులో పూసేది కాదు, చెమటలో పెరిగేది; హిందీవారి దాద్. అంటుకొన్న తరి = ఇంటిల్లిపాదికీ ఒకే తువ్వాలు అయిన వేళ. వైద్యున్ = చర్మవైద్యుణ్ణి; సెక్టర్ 9 ఆసుపత్రిలోనివాడైనా, వీధి చివర క్లినిక్‌వాడైనా సరే.

పాత ట్యూబు పేరు = ఇక్కడ ప్రమాణ విచారం అవసరం. పక్కింటి వదిన చెప్పినది శ్రుతి, నిరుడు మనం పూసుకున్నది స్మృతి. నగర్ పేరును బట్టి రెండోదే బలీయం. డాక్టరు చీటీ ఏ కోవలోకీ రాదు గనక దానికి ప్రామాణ్యం లేదు కాబోలు!

మరల మరల = పద్యానికి ప్రాణం ఈ జంట పదమే. ఆ ట్యూబులో శిలీంధ్రాన్ని చంపే మందుతో పాటు క్లోబెటసాల్ వంటి ఘాటైన స్టెరాయిడ్ కూడా కలిసి ఉంటుంది. రెండు రోజుల్లో ఎరుపు, దురద మాయం. రోగి తగ్గిందని మానేస్తాడు. చర్మం కాపలా మత్తులో ఉండగా శిలీంధ్రం హాయిగా విస్తరిస్తుంది. మచ్చ అంచు చెరిగిపోయి, వైద్యుడికే పోల్చుకోవడం కష్టమవుతుంది. మళ్లీ దురద, మళ్లీ అదే ట్యూబు. నెలలు గడిచేసరికి గజ్జల్లో చర్మం పలచబడి చారలు పడతాయి. ఆ చారలు పోవు. 2018లో కేంద్రం స్టెరాయిడ్ పూతమందులకు చీటీ తప్పనిసరి చేసింది. కౌంటరు మీద ఆ సూత్రానికి ఇంకా వ్యాఖ్యాత దొరకలేదు.

తాత్పర్యం: స్పష్టం.

విశేషం: వైద్యుడు ఎగ్జిమాకో సోరియాసిస్‌కో స్టెరాయిడ్ రాసిస్తే భయపడి పారేయనక్కర్లేదు. చూపుడువేలి కొస నుంచి మొదటి గీత దాకా పిండిన మందు సుమారు అర గ్రాము. రెండు అరచేతులంత మేరకు చాలు. ఘాటైనదాన్ని సొంతంగా రెండు వారాలు దాటించకూడదు, ముఖానికి తెల్లదనం కోసం అసలే వద్దు. పసివాడి డైపర్ కింద పూస్తే మందు మరింత లోపలికి ఇంకుతుంది. నెలల తరబడి వాడినవాడు హఠాత్తుగా మానితే మంట ఎగదన్నవచ్చు గనక, వాడిన ట్యూబును వెంట తీసుకెళ్లి వైద్యుడికి చూపించాలి. ఒట్టి తామర మందును మాత్రం మచ్చ పోయాక కూడా మరో రెండు వారాలు పూయాలి.

పాఠాంతరం: చివర ‘చాల వగచు’ను ‘చాల గోకు’ అని చదివేవారున్నారు. గణభంగం లేదు గనక రెండూ గ్రాహ్యమే.