పడని బండి

మా చెల్లెలి కుటుంబం ఉండేది అరిజోనాలో, ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో. ఎండలు తగ్గి నవంబరు వచ్చిందంటే చాలు, అక్కడ శని, ఆదివారాల్లో పొద్దున్నే ట్రెయిలర్ల మీద యూటీవీలు ఎక్కించుకుని జనం ఎడారి దారి పడతారు. జీపు కన్నా చిన్న బండ్లవి. పక్కపక్కనే సీట్లు, స్టీరింగు, చుట్టూ ఇనుప గొట్టాల పంజరం. చుట్టుపక్కల అందరూ కొంటున్నారని మా బావ కూడా చూడ్డానికి వెళ్లాడు. ఆ పంజరం దగ్గరే ఆగిపోయాడు.

"పడని బండికి పంజరమెందుకు బావా?" అన్నాడు ఇంటికొచ్చాక.

సరైన ప్రశ్న. ఇవి పడతాయి. యమహా రైనో అనే యూటీవీ సంగతి చదివినవాళ్లెవరికైనా ఆ భయం ఉంటుంది. 2009 మార్చిలో కంపెనీ దాని అమ్మకాలు ఆపి, అప్పటికే అమ్మిన బండ్లకు ఉచితంగా మరమ్మతు చేస్తానంది. అమెరికా వినియోగ వస్తువుల భద్రతా సంఘం అప్పటిదాకా విచారించిన రైనో ప్రమాదాల్లో పోయినవాళ్లు 46 మంది. మూడింట రెండొంతులకు పైగా బోల్తా కేసులే. వాటిలో చాలా కేసులు కొండ అంచునా కాదు, వేగంలోనూ కాదు, చదును నేల మీద నిదానంగా మలుపు తిప్పుతుంటే జరిగినవేనట. ఆ మరమ్మతు కూడా చిన్నదే: వెనక చక్రాలను 50 మిల్లీమీటర్ల స్పేసర్లతో బయటికి జరపడం, వెనకున్న యాంటీ స్వే బార్ తీసేయడం. మా బావ ఆ వివరాలన్నీ ప్రింటు తీసి మా చెల్లెలికి చదివి వినిపించాడు.

ఇక షోరూముల చుట్టూ తిరగడం మొదలైంది. నేనూ వెంట ఉన్నాను. జేబులో టేపు లేకుండా ఆయన ఏ బండి దగ్గరికీ వెళ్లలేదు. ఎడమ చక్రం నడిమి నుంచి కుడి చక్రం నడిమికి కొలిచేవాడు. అందులో సగాన్ని బండి బరువు కేంద్రం ఎత్తుతో భాగిస్తే వచ్చే అంకె ఎంత పెద్దదైతే బండి అంత నిలకడ. చక్రాల ఎడం టేపుకి దొరుకుతుంది కానీ బరువు కేంద్రం ఎత్తు దొరకదు. అందుకని ఇంజను ఎక్కడుంది, సీట్లు ఎంత ఎత్తులో ఉన్నాయి అని వంగి వంగి చూసేవాడు. నలుగురు మనుషులెక్కి, వెనక ఐసు పెట్టె పెడితే ఆ కేంద్రం ఇంకా పైకి లేస్తుందని కూడా లెక్కలోకి తీసుకున్నాడు.

50 అంగుళాల వెడల్పు బండ్లను మొదటి రోజే పక్కన పెట్టేశాడు. అడవుల్లో కొన్ని ట్రెయిళ్లలోకి 50 అంగుళాలు దాటిన బండిని రానివ్వరు కాబట్టి అలాంటివి చేస్తారు. ఒంటరిగా తిరిగేవాడికి పనికొస్తాయేమో కానీ పిల్లాడితో వెళ్లేవాళ్లకు కాదు. చివరికి 64 అంగుళాల నాలుగు సీట్ల బండి దగ్గర నిలబడ్డాడు. అమ్మేవాడు పెద్ద టైర్లు వేయించుకోమన్నాడు, లిఫ్ట్ కిట్ పెట్టించుకోమన్నాడు. "ఎత్తు పెంచితే వెడల్పు కొన్నదంతా ఏమైనట్టు?" అని రెండూ వద్దన్నాడు. ఇంత శ్రద్ధగా బండి కొన్న మనిషిని నేను చూడలేదు.

మా మేనల్లుడికి తొమ్మిదేళ్లు. వాణ్ని వెనక సీట్లో కూర్చోబెట్టి, వీపు సీటుకి ఆనించి, రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆనుతున్నాయా అని కింద చెయ్యి పెట్టి చూశాడు. పట్టుకునే కడ్డీ అందుతోందా అని చూశాడు. బెల్టు బిగించి రెండుసార్లు లాగాడు.

"బండి ఒరిగితే చెయ్యి బయట పెట్టి ఆపబోకు నాన్నా. చెయ్యి బండి కింద పడుతుంది. బెల్టుండి లోపల ఉంటేనే ఈ పంజరం కాపాడేది" అన్నాడు. వాడు తలూపాడు.

ఆ ఆవరణలోనే ఓ చుట్టు తిప్పి చూశాడు. డ్రైవరు బెల్టు పెట్టుకోకపోతే గంట కొడుతూనే ఉంటుంది, బండి 15 మైళ్ల వేగం దాటదు అన్నాడు అమ్మేవాడు. మంచి ఏర్పాటు అన్నాను నేను. బావ మెడ దగ్గర బెల్టు సర్దుకుంటూ రాసుకుంటోందన్నాడు.

జనవరిలో ఫ్లోరెన్స్ దగ్గర బాక్స్ కాన్యన్‌కి వెళ్లాం. రెండు పక్కలా నిలువెత్తు రాతి గోడలు, మధ్యలో గులకరాళ్ల ఎండు వాగు, పైన గట్ల మీద చేతులెత్తి నిలబడ్డ సగ్వారో బ్రహ్మజెముళ్లు. బావ బాగా నడిపాడు. వాలు అడ్డంగా వచ్చినచోట ఆపి, దిగి చూసి, అందర్నీ దింపి తానొక్కడే దాటించాడు. మలుపుల్లో వేగం తగ్గించాడు. వెనక సీట్లో మేనల్లుడి పక్కన కూర్చున్న నాకు ఎక్కడా గుండె ఝల్లుమనలేదు.

నీడ చూసి ఆపాం. చెల్లి పులిహోర డబ్బాలు తీసుకుని దిగింది, వెనకే బావ వెళ్లాడు. పిల్లాడు ముందుకి దూకి డ్రైవరు సీట్లో కూర్చుని స్టీరింగు తిప్పసాగాడు. వాడికి బెల్టు పెడదామని వంగాను. బకిల్‌లో అప్పటికే ఏదో దిగి ఉంది. పట్టీ లేదు, మెరిసే ఇనుప నాలుక ఒక్కటే. పట్టీ మాత్రం పక్కన గొట్టానికి వేలాడుతోంది.

దాన్ని నేను హైదరాబాదులో కారు సామాన్ల కొట్లలో చూశాను. గంట మోగకుండా బెల్టు బదులు గుచ్చే క్లిప్పు. 2023లో మన వినియోగదారుల రక్షణ సంస్థ ఆన్‌లైన్ దుకాణాలు వీటిని అమ్మకూడదని ఆదేశించింది కూడా.

బయటికి లాగబోయాను. వాడు నా చెయ్యి పట్టుకున్నాడు.

"తియ్యొద్దు మామయ్యా, నాన్నది. హైదరాబాద్ నుంచి బాబాయి రెండు పంపాడు. రెండోది నాన్న దాచిపెట్టాడు, నేను నడిపేటప్పుడు ఇస్తానని."