అంచుల్లో లెక్కలు: ఒక స్కోరుకార్డు ఆత్మకథ

నేను ఇంగ్లండు కౌంటీ మైదానాల్లో అమ్మే స్కోరుకార్డుని. మధ్యకు మడిచిన దళసరి కాగితం, అంతకు మించి నా ఒంట్లో ఏమీ లేదు. ఒక పక్క సొంతూరి జట్టు, ఇంకో పక్క వచ్చిన జట్టు, కెప్టెన్ పేరు పక్కన చుక్క గుర్తు, వికెట్ కీపర్ పేరు పక్కన చిన్న బాకు గుర్తు, కింద అంపైర్లు, స్కోరర్ల పేర్లు. తక్కినదంతా ఖాళీ. టాస్ ఎవరు గెలిచారు, ఎవరు ఎలా అవుటయ్యారు, ఎన్నో వికెట్టు ఎంత స్కోరు దగ్గర పడింది, ఆఖరికి ఫలితమేమిటి అన్నవి కొన్నవాళ్ళు పెన్సిలు పట్టుకుని నింపుకోవాలి. సగం పని కొన్నవాడి చేత చేయించుకునే సరుకుని నేను. అందుకే కౌంటీ క్రికెట్ గురించి తరచూ వినిపించే ఒక మాట నాకు మింగుడు పడదు. ఏప్రిల్ చలిలో ఎవరో ఒక ఫోటో తీస్తారు: వరసలకు వరసలు ఖాళీ కుర్చీలు, మధ్యలో అక్కడక్కడా దుప్పటి కప్పుకున్న తలలు. ఈ ఆట చూసే దిక్కు లేదు, ఇంకా ఎందుకు ఆడిస్తున్నారు అంటారు. ఆ ఫోటోలో కుర్చీలు కనిపిస్తాయి, లెక్కలు కనిపించవు. నాలుగు రోజుల మ్యాచ్‌ని వెంబడించడమంటే కుర్చీ నింపడం కాదు, లెక్క కట్టుకుంటూ ఉండడం. ఆ పని మైదానంలో ఎంత జరుగుతుందో మైదానం బయట అంతకంటే ఎక్కువ జరుగుతుంది, ముందునుంచీ జరుగుతూనే ఉంది.

మా వంశం సంగతి కాస్త చెప్పుకోవాలి, గొప్పకే అనుకోండి. 1776లో కెంట్‌లోని సెవెనోక్స్ వైన్ క్లబ్బు స్కోరర్ ప్రాట్ అచ్చు వేసి అమ్మిన కార్డులే మాలో మొదటివని చెబుతారు. లార్డ్స్ మైదానంలో జనమంతా చూడగలిగే స్కోరు బోర్డు 1846లో గాని రాలేదు. అంటే బోర్డుకంటే మేము డెబ్భై ఏళ్ళు పెద్ద. 1848 నుంచి ఫ్రెడ్ లిల్లీవైట్ చేసిన పని చూస్తే నాకిప్పటికీ ఛాతీ ఉప్పొంగుతుంది. మోసుకుపోగలిగే అచ్చుయంత్రాన్ని గుడారంలో పెట్టుకుని మైదానం నుంచి మైదానానికి తిరుగుతూ, వికెట్లు పడుతున్నకొద్దీ కార్డులు అచ్చేసి అమ్మాడు. 1859లో ఇంగ్లండు ఆటగాళ్ళు మొదటిసారి సముద్రం దాటి ఉత్తర అమెరికా వెళ్ళినప్పుడు ఆ యంత్రాన్ని, గుడారాన్ని కూడా ఓడలో వేసుకుపోయాడు. ఆ బరువు మోయలేక కెప్టెన్ జార్జ్ పార్‌కీ అతనికీ దారిపొడుగునా తగువే. మోసేవాళ్ళ విసుగు అర్థం చేసుకోదగ్గదే. కానీ ఎదురుగా ఆట జరుగుతుండగా కాగితం కొనుక్కునేవాళ్ళు లేకపోతే ఆ మనిషి అంత ఇనుము మోసుకు తిరిగి ఉండడు. కళ్ళతో చూసిందే చాలుననుకోని జనం అప్పటికే ఉన్నారు. చూసింది చేతిలో ఉండాలి, ఇంటికి పట్టుకుపోవాలి, రాని వాళ్ళకు చూపించాలి.

నన్ను నింపే తీరులో మనుషుల్ని పోల్చుకోవచ్చు. గళ్ళలో పేర్లకెదురుగా అవుటైన తీరు, పరుగులు మాత్రం రాసుకునేది పైపై మనిషి. నిజంగా వెంబడించేవాడి రాత అంచుల్లో ఉంటుంది. ఓవర్‌కి ఆరు చుక్కలు పెట్టి, పరుగు రాకపోతే ఆ చుక్కల్నే కలిపి మెయిడిన్ గుర్తుగా ఇంగ్లీషు ఎమ్ గీస్తాడు. అదే ఓవర్లో వికెట్టు కూడా పడితే ఆ చుక్కలే తిరగబడి డబ్ల్యూ అవుతాయి. ఆ పక్కనే సన్నటి అంకెల్లో కూడికలు, తీసివేతలు. ఫాలోఆన్ తప్పించుకోడానికి ఇంకా ఎన్ని కావాలి (ఆధిక్యం 150 ఉంటే చాలు, మళ్ళీ ఆడించొచ్చు), రోజుకి 96 ఓవర్లలో వాన ఎన్ని తినేసింది, బోనస్ పాయింటుకి ఎన్ని పరుగులు తక్కువ, కొత్త బంతి ఎప్పుడు, డిక్లేర్ చెయ్యాలంటే ఎంత ఆధిక్యం ఉండాలి. ఇవేవీ జరిగిన సంగతులు కావు, జరగబోయే వాటి గురించి వేసుకున్న లెక్కలు. సగం తప్పుతాయి, కొట్టేసి మళ్ళీ రాస్తారు. నా ఒంటి మీద మచ్చలన్నీ అవే. కౌంటీ మ్యాచ్‌లో నాలుగు రోజులూ తలుపులన్నీ ఒకేసారి తెరిచి ఉంటాయి. గెలుపు, ఓటమి, డ్రా, పోనీ రెండు పాయింట్లు. ఏ తలుపు ఎప్పుడు మూసుకుంటుందో చూస్తూ కూర్చోవడమే ఇందులో రుచి. ఆ రుచి తెలియనివాడికి మూడో రోజు మధ్యాహ్నం 31 ఓవర్లలో 58 పరుగులు వచ్చాయంటే ఆవలింత వస్తుంది. తెలిసినవాడికి కాళ్ళు నిలవవు.

దీనికి సాక్ష్యం అడిగేవాళ్ళకు 2010 సెప్టెంబరు చాలు. కౌంటీ ఛాంపియన్‌షిప్ ఆఖరి రౌండు, మాంచెస్టర్‌లో నాటింగ్‌హామ్‌షైర్ లాంకషైర్‌తో ఆడుతోంది. వాన చాలా భాగం మింగేసింది, గెలిచే ఆశ లేదు. కానీ గెలవనక్కర్లేదు: మొదటి ఇన్నింగ్స్‌లో నాలుగొందలు చేసి, ఆ తర్వాత మూడు వికెట్లు తీస్తే బోనస్ పాయింట్లతోనే పని జరిగిపోతుంది. నాలుగొందలయ్యాయి, డిక్లేర్ చేశారు, అయిదు ఓవర్లు తిరక్కుండానే మూడు వికెట్లు పడ్డాయి. అవతల డర్హమ్‌లో ఆడుతున్న సోమర్సెట్‌కీ వీళ్ళకీ సరిగ్గా 214 పాయింట్లే. నాటింగ్‌హామ్‌షైర్‌కి ఏడు గెలుపులు, సోమర్సెట్‌కి ఆరు. టైటిల్ అలా పోయింది. డ్రా అయిన మ్యాచ్‌లో మూడో వికెట్టు ఛాంపియన్‌ని తేల్చింది. ఆ వికెట్టు విలువ ఆ కుర్చీల్లో ఉన్నవాళ్ళకంటే చాలా మైళ్ళ అవతల చేతిలో లెక్క పట్టుకుని కూర్చున్న సోమర్సెట్ మనిషికి ఎక్కువ తెలుసు. ఆరేళ్ళ తర్వాత ఇదే జట్టుకి ఇంకా విచిత్రంగా జరిగింది. 2016లో తమ ఆఖరి మ్యాచ్‌ని మూడో రోజే గెలిచేసి, పట్టికలో అందరికంటే పైకెక్కి, మర్నాడు ఆటగాళ్ళూ అభిమానులూ టాంటన్ మైదానంలోనే చేరి లార్డ్స్‌లో జరుగుతున్న మిడిల్‌సెక్స్, యార్క్‌షైర్ మ్యాచ్‌ని టీవీలో చూస్తూ కూర్చున్నారు. అది డ్రా అయితే వందేళ్ళు దాటిన చరిత్రలో సోమర్సెట్‌కి తొలి టైటిల్. డ్రా వల్ల తమకేమీ ఒరగదని రెండు జట్ల కెప్టెన్లకీ తెలుసు గనక మాట్లాడుకున్నారు. యార్క్‌షైర్ వాళ్ళు ఎప్పుడోగాని బంతి పట్టని చేతులకు బౌలింగ్ ఇచ్చి పరుగులు ధారపోశారు, 40 ఓవర్లలో 240 లక్ష్యం ఖాయమైంది. యార్క్‌షైర్ 178కి ఆలౌటు. టోబీ రోలండ్-జోన్స్ హ్యాట్రిక్‌తో ముగించాడు. 61 పరుగుల తేడాతో మిడిల్‌సెక్స్ గెలిచింది. సోమర్సెట్ ఆ రోజు ఒక్క బంతీ ఆడలేదు, వాళ్ళ మైదానంలో ఆటే లేదు. అయినా ఆ ఏడాది కౌంటీ మ్యాచ్‌ని అందరికంటే గట్టిగా వెంబడించినవాళ్ళు టాంటన్‌లో ఉన్నారు. గేటు దగ్గర టికెట్లు లెక్కపెట్టేవాడి పుస్తకంలో వాళ్ళు సున్నా.

ఆఖరి రోజు ఉత్కంఠ చూపించి మామూలు మంగళవారాన్ని సమర్థించుకోవడం తగదని ఎవరైనా అడ్డుపడొచ్చు. అడగాల్సిన ప్రశ్నే. టైటిల్ ప్రసక్తి లేని రెండు జట్లు మే నెలలో చప్పగా ఆడుకుంటుంటే ఎవరికి పట్టింది? పట్టినవాళ్ళున్నారనడానికి 2022 నాటి ఓట్ల సంగతి చూడాలి. ఇంగ్లండు బోర్డు కోసం ఆండ్రూ స్ట్రాస్ చేసిన సమీక్ష ఒక్కో జట్టు ఆడే ఛాంపియన్‌షిప్ మ్యాచ్‌లను 14 నుంచి పదికి తగ్గించమంది. కౌంటీలు ఒప్పుకోలేదు. పద్దెనిమిది కౌంటీల్లో ఎక్కువభాగం ఇప్పటికీ సభ్యుల సొత్తే. ఏడాది చందా కట్టే ఆ సభ్యులు తగ్గించడానికి వీల్లేదని ఎదురు తిరిగారు. చందా కట్టినవాళ్ళంతా రోజూ వచ్చి కూర్చుంటారా అంటే కూర్చోరు. ఆఫీసుల్లో ఉంటారు, ఆసుపత్రి వరండాల్లో ఉంటారు, లారీలు తోలుతుంటారు. బీబీసీ స్థానిక రేడియో వ్యాఖ్యాత గొంతు చెవిలో, కౌంటీ క్లబ్బు నడిపే వీడియో ప్రసారం తెరమీద ఓ మూల. మైదానంలో నాలుగొందల మంది ఉన్నరోజు ఆట నాలుగొందల మందిదే అనుకోవడం, పత్రికని బడ్డీకొట్టు దగ్గర నిలబడి చదివినవాళ్ళే పాఠకులనుకోవడం లాంటిది.

ఆ దూరం ఇప్పుడు మీ దాకా కూడా వచ్చింది. హైదరాబాద్ కుర్రాడు తిలక్ వర్మ 2025 జూన్‌లో హాంప్‌షైర్ తరఫున తొలి మ్యాచ్‌లోనే చెమ్స్‌ఫర్డ్‌లో ఎసెక్స్ మీద వంద కొట్టాడు. 241 బంతులు ఆడాడు, దాదాపు ఒక ఐపీఎల్ మ్యాచ్‌లో రెండు జట్లూ కలిపి ఆడేటన్ని. జూన్‌లో అక్కడ పొద్దున పదకొండుకి ఆట మొదలైతే మీకు మధ్యాహ్నం మూడున్నర. సాయంత్రం టీ తాగుతూ ఆ వందని బంతి బంతికీ వెంబడించినవాళ్ళు లేకపోలేదు. అతనికి ముందు లక్ష్మణ్ లాంకషైర్‌కి, అజారుద్దీన్ డెర్బీషైర్‌కి, విహారి, సిరాజ్ వార్విక్‌షైర్‌కి ఆడారు. లాంకషైర్ తరఫున లక్ష్మణ్ ఎంత కొట్టాడో తెలుసుకోడానికి మర్నాటి పేపర్లో ఆఖరి పేజీ అడుగున రెండు వాక్యాల కోసం వెతికిన తరం ఇంకా ఉంది. అదీ వెంబడించడమే. ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి: తిలక్ ఆడిన హాంప్‌షైర్‌లో 2024లో మెజారిటీ వాటా కొన్నది జీఎంఆర్ సంస్థ. ఒక కౌంటీ క్లబ్బు విదేశీ యాజమాన్యంలోకి పోవడం అదే మొదలు, ఆ సంస్థ వ్యవస్థాపకుడిది రాజాం. సౌతాంప్టన్ సభ్యులకు ఈ ఊరి పేరు పలకడం వచ్చిందో లేదో గాని, కుర్చీలు ఖాళీ అని తేలిగ్గా తీసేసిన ఆటలో డబ్బు పెట్టడానికి వ్యాపారస్తుడు అంత దూరం వెళ్ళాడు. టీ20ల కోసం, హోటల్ కోసం, మైదానం కోసం కొన్నారు, నాలుగు రోజుల ఆట కోసం కాదని మీరంటారు. నిజమే. ఆ ఆటకు ఖర్చు పెట్టే డబ్బు అంతర్జాతీయ మ్యాచ్‌ల నుంచి, పొట్టి ఆటల నుంచి వస్తుంది. దాని కాళ్ళమీద అది నిలబడలేదని నేను ఒప్పుకుంటాను. నిలబడలేకపోవడం వేరు, దానికి మనుషులు లేకపోవడం వేరు. ఈ రెంటినీ ఒకటి చేసి మాట్లాడ్డం దగ్గరే నా పేచీ.

ఇంత వాదించాక నాకే చుట్టుకునే ప్రశ్న ఒకటుంది. రేడియో, ఫోను, వీడియో ఇవన్నీ వెంబడించడమే అయితే నాతో పనేమిటి? స్కోరర్లే కంప్యూటరు మీదికి మారిపోయారు. వికెట్టు పడ్డ క్షణంలో ఫోన్లో అంకె మారుతుంది, అందులో తప్పు దొర్లదు. నా మీద రాసినదాంట్లో బైలు వదిలేస్తారు, ఇద్దరి పరుగులు తారుమారు చేస్తారు, చివరికి మొత్తం కలవక అదనపు పరుగుల గడిలో సర్దేస్తారు. దస్తావేజుగా నేను ఎందుకూ కొరగానని ఒప్పేసుకుంటున్నాను. నా దగ్గర మాత్రమే ఉండేది ఆ తప్పుడు లెక్కలే. ఫోన్లో 212కి 4 అన్నది 213కి 5 కాగానే మునుపటిది మాయమవుతుంది. ఆ నాలుగో వికెట్టు దగ్గర ఈ మనిషి రేపు పొద్దున్నే డిక్లేర్ చేస్తారనుకున్నాడని, అరగంటకే ఆ ఆశ కొట్టేసుకున్నాడని ఏ సర్వర్లోనూ ఉండదు. ఆట ఎలా జరిగిందో చెప్పే కాగితాలు బోలెడు. మనుషులు ఆటని ఎలా నమ్ముకున్నారో తెలియాలంటే నా అంచులే చూడాలి.

అవి చూసేవాళ్ళేరీ! నన్ను కొన్నవాళ్ళ మీద నాకు చెప్పుకోలేనంత కోపముంది. లంచ్ దాకా ముత్యాల్లాంటి అంకెలు వేస్తారు. తర్వాత ఎండ వస్తుంది, మాటల్లో పడతారు, టీ కప్పు తెచ్చి నా మీదే పెడతారు. ఆరో వికెట్టు తర్వాత గళ్ళన్నీ ఖాళీ. వాన వస్తే తలమీద కప్పుకుంటారు, ప్లాస్టిక్ కుర్చీ తడిగా ఉంటే కింద పరుచుకుంటారు. నిలవ ఉంచేవాళ్ళూ మంచివాళ్ళేం కాదు: అట్టపెట్టెలో కట్టకట్టి అటకెక్కిస్తారు, మనిషి పోయాక పిల్లలు ఆ పెట్టె విప్పి చూసి, గొప్ప మ్యాచ్‌లవి అమ్మకానికి తీసి, మామూలు మంగళవారాలన్నీ చిత్తుకాగితాల బండికి వేసేస్తారు. అంచుల్లో రాత ఉన్నవాటికి ధర తక్కువట, శుభ్రంగా ఉన్నవే కావాలట. కొన్ని క్లబ్బులు మమ్మల్ని అచ్చు వెయ్యడం మానేసి, కావాలంటే ఇంట్లోనే ప్రింటు తీసుకోమని ఫైలు పెడుతున్నాయి. ఖర్చు మిగులుతుంది, చెత్త తగ్గుతుంది. వాళ్ళ మాట కాదనలేను. ఆ ఫైలుని ఓపిగ్గా ప్రింటు తీసి, మడిచి, పెన్సిలు చెక్కుకుని వచ్చేవాళ్ళు ఉన్నంతవరకు నాకు చిక్కేమీ లేదు కూడా. పారేసేవాళ్ళకు మాత్రం ఒక మాట. నాలుగో రోజు సాయంత్రం, నాటౌటుగా మిగిలిన ఇద్దరూ చేతులు కలిపి పెవిలియన్ మెట్లెక్కాక, నన్ను చెత్తబుట్టలో వెయ్యబోయే ముందు అడుగున ఫలితం అన్న గడి ఒకటి ఉంటుంది. డ్రా అయినా సరే, అది నింపి మరీ వెయ్యండి.