నాలుగో సాలు

శనగ విత్తడానికి అదును ఎక్కువ రోజులు ఉండదు. బండి ఆత్మకూరు చుట్టుపక్కల నల్లరేగడి చేలల్లో అక్టోబరు, నవంబరు నెలల్లో, వానలు వెనకబట్టాక నేలలో మిగిలిన పదును మీదే పంటంతా నడవాలి. అందరికీ ఒకేసారి అదును కాబట్టి ఎకరం, అరెకరం రైతుకు బాడుగ ట్రాక్టరు చివరికిగాని రాదు. అప్పటికి పైపదును ఆరిపోతుంది. అలాంటివాళ్ల కోసం ఆ ఊరి పెద్ద రైతు మనవడు, ఇంజనీరింగు చదువుతున్నవాడు, చేత్తో తోసే విత్తనాల బండి తయారుచేశాడు.

పైన గింజల తొట్టి. తొట్టి అడుగున చెక్క రోలరు, దాని చుట్టూ ఒక్కో గింజ పట్టే గుంటలు 20. గుంట మీద ఎక్కువైన గింజను ఒక బ్రష్షు వెనక్కి తోస్తుంది. పాత సైకిలు చక్రం నేలమీద దొర్లితే గొలుసు రోలరును తిప్పుతుంది. చక్రం ఒక చుట్టు తిరిగితే రెండు మీటర్లు, రోలరూ ఒక చుట్టే తిరుగుతుంది. అంటే 10 సెంటీమీటర్లకో గింజ. మెల్లగా తోసినా, పరుగెత్తినా ఆ ఎడం మారదు. సాలుకూ సాలుకూ మధ్య 30 సెంటీమీటర్లు వదిలితే జేజీ-11 రకం ఎకరాకు సుమారు 30 కిలోలు సరిపోతుంది. తోసేవాడి అలసట గింజల లెక్కను చెడగొట్టకపోవడం, ఆ బండిలో నాకు బాగా నచ్చిన సంగతి.

పుస్తకం లెక్క ఒక్కటే చాలదనుకున్నాడు మనవడు. గొర్రు వెనక నడుస్తూ, గొట్టాల మీదుండే జడ్డిగం గిన్నెలో గింజలు పోసీ పోసీ ముసలిదైన కూలి అవ్వను చేనికి పిలిచాడు. 1790లలో హాల్కాట్ అనే ఇంగ్లిషు కెప్టెన్ దక్షిణాదిలో ఇటువంటి గొర్రును చూసి, తాను యూరపులో ఈమధ్య పుట్టిందనుకున్న పనిముట్టు ఇక్కడ ఎప్పటినుంచో ఉందని లండన్లోని వ్యవసాయ బోర్డుకు రాశాడు. గొర్రులో చెక్కా వెదురు గొట్టాలూ ఎవరైనా చెయ్యగలరు. ఎన్ని గింజలు పడాలో తేల్చేది మాత్రం జడ్డిగం మీద ఆడమనిషి పిడికిలే.

పట్టా పరిచి, గింజలు వదులుతూ అవ్వను నడవమన్నాడు. మీటరుకు పది గింజలు, ఒకచోట పదకొండు. బండి కూడా పదే వదిలింది. కుర్రవాడి మొహం వెలిగిపోయింది.

"సేరు గింజలు ఎంతదూరం వస్తాయవ్వా?"

"ఈ చేన్లో నాలుగు సాళ్లు నాయనా. నా చేతికి ఏనాడూ తప్పలే."

ఇంట్లోంచి తెచ్చిన ఇనుప సేరుతో తలకొట్టి కొలిచి తొట్టిలో పోశాడు. మూడు సాళ్లు అయ్యాయి. నాలుగో సాలు సగంలో తొట్టి ఖాళీ.

ఎక్కడో కారిపోతున్నాయనుకుని బండి విప్పి చూశాడు. కారడం లేదు. రెండేసి గింజలు పడ్డాయేమోనని సాలు వెంట మట్టి తీసి లెక్కపెట్టాడు. మీటరుకు పదే. మళ్లీ బిగించి, మళ్లీ సేరు కొలిచి పోశాడు. మళ్లీ నాలుగో సాలు సగంలోనే ఆగింది.

గట్టుమీద కూర్చున్న తాత గొంతు పెంచాడు. "ముసల్దానికి మతి పోయిందిరా. దాని మాట పట్టుకుని బంగారంలాంటి బండిని విప్పుకుంటావా?"

మనవడికి ఆ మాట నచ్చలేదు. అయినా లెక్క లెక్కే. అవ్వ పక్కన కూర్చుని మెల్లగా అడిగాడు.

"చాన్నాళ్లయింది కదవ్వా. మూడున్నర సాళ్లేమో, నువ్వు నాలుగనుకుంటున్నావేమో?"

అవ్వ సేరును చేతిలోకి తీసుకుంది. లోపల వేళ్లుపెట్టి అడుగు తడిమింది. బోర్లించి చూసింది. గట్టువైపు తిరగలేదు.

"నీ బండీ తప్పు కాదు, నా చెయ్యీ తప్పు కాదు నాయనా. విత్తనాల సేరు మీ గాదె పక్క గూట్లో ఉంటాది. ఇది మాకు కూలిగింజలు కొలిచిన సేరు."