సీక్వెల్ అనే పాత బాకీ

మా బావమరిది సినిమాలు చూడడు, కొంటాడు. టికెట్టు కాదండీ, ఏరియా హక్కులు. ఓసారి గోదావరి జిల్లాల్లో రెండు సెంటర్లకి ఓ సీక్వెల్ తీసుకున్నాడు. సినిమా పేరు చెప్పను. మా ఇంట్లో ఆ పేరెత్తితే అత్తగారు కూరలో ఉప్పు మర్చిపోతారు. అప్పట్నుంచీ పోస్టరు మీద ‘2’ కనబడితే చాలు, ముందు బయ్యర్ల క్షేమం కోరుకుని తర్వాత హీరో ఎవరో చూస్తాను.

మొదటిది ఆడింది గనక రెండోదీ ఆడి తీరుతుందని జనం నమ్మకం. ఆడే మాట దేవుడెరుగు, పెరిగి తీరేది మాత్రం రేటు. మొదటి భాగాన్ని అడిగే దిక్కులేక చవగ్గా అమ్ముకున్న నిర్మాతే, రెండోదానికి నైజాం ఇంత, సీడెడ్ ఇంత అని ఫ్యాన్సీ రేట్లు చెబుతాడు. తొలిరోజు మార్నింగ్ షోకి హౌస్‌ఫుల్ బోర్డు పడుతుంది. ఆ జనాన్ని సంపాదించిపెట్టింది మొదటి భాగం. సోమవారం మ్యాట్నీకి ఎవరొస్తారో వాళ్లే రెండో భాగం సొంత జనం. అందుకే మొదటిదాన్ని బ్లాక్‌బస్టర్ చేసిన షేరే రెండోదానికీ వస్తే బయ్యరు మంచం పడతాడు.

‘బాహుబలి’ దారి వేరు. 2015 జులైలో కట్టప్ప కత్తి దింపాడు, ఎందుకో చెప్పకుండా మనల్ని ఇంటికి పంపేశాడు. ఆ జవాబు మనకి బాకీ. 2017 ఏప్రిల్ 28 దాకా దేశమంతా అదే గోల. మా వీధి ఇస్త్రీ బండి అబ్బాయికో కారణం, మా ఆఫీసు సూపరింటెండెంటుగారికో కారణం. మొదటి భాగం 600 కోట్లకి అటూ ఇటూ తెస్తే రెండోది 1,700 కోట్లు దాటిందని లెక్కలు చెప్పారు. అంటే ఊరంతా బాకీ వసూలుకి వెళ్లి, డబ్బులు కూడా తనే కట్టి వచ్చిందన్నమాట! ‘పుష్ప’ కూడా అంతే. 2021లో షెకావత్ సారు బట్టల్లేకుండా ఇంటికి నడిచాడు. ఆ అవమానానికి వడ్డీ ఎంతైందో చూద్దామని 2024 డిసెంబరులో మళ్లీ క్యూ కట్టాం.

బాకీ లేనిచోటే ఇబ్బంది. ‘గబ్బర్ సింగ్’ తన లెక్కలన్నీ 2012లోనే తేల్చేసుకున్నాడు. 2016లో ‘సర్దార్’ అయి వచ్చేసరికి అడగాల్సిందేమీ మిగల్లేదు. ‘కిక్ 2’దీ అదే గతి. ‘మన్మథుడు 2’ మరీ విడ్డూరం. పాత కథతో పని లేదు, ఓ ఫ్రెంచి సినిమాని రీమేక్ చేసి 2002 నాటి పేరు పెట్టారు. మా ఆవిడ సగం సినిమా పాత మన్మథుడిలో లవంగం జోకులు చెబుతూనే గడిపింది, నాకూ ఆవే నచ్చాయి. ఇక తమిళం నుంచి వచ్చిన ‘భారతీయుడు 2’. సేనాపతి 1996లోనే స్వాతంత్ర్య సమరయోధుడైన తాత. 2024 నాటికి నూరేళ్లు దాటాలి కదా, అయినా అందరినీ చితక్కొడుతూనే ఉన్నాడు. పైగా చివర్లో మూడో భాగం ట్రైలరొకటి.

బాకీ ఉంటేనే సీక్వెల్ ఆడుతుందన్న నా సిద్ధాంతానికి గండి కొట్టింది ‘టిల్లు స్క్వేర్’. దానికి ఎవరి బాకీ లేదు. కుర్రాడి మాటలు మరోసారి వినాలనిపించి జనం వెళ్లారు, వంద కోట్ల గ్రాస్ ఇచ్చారు. ‘కార్తికేయ 2’ అయితే హిందీలో కొద్ది షోలతో మొదలై రోజురోజుకీ థియేటర్లు పెంచుకుంటూ పోయింది. సరే, సిద్ధాంతమన్నాక ఒకటి రెండు చిల్లులుంటాయి.

ఇప్పుడు కొత్త జబ్బొకటి పట్టుకుంది. మనం అడక్కముందే టైటిల్ పక్కన ‘1’ వేసేస్తున్నారు. ‘సలార్’కీ ‘దేవర’కీ జనబలం ఉంది గనక చెల్లింది. 2023లో ‘పెదకాపు-1’ వచ్చి వెళ్లింది, ఆ ఒకటి ఒంటరిగానే ఉండిపోయింది.

నిర్మాతలకి నాదొక్కటే మనవి. ఆ ‘1’ ఏదో మొదటి వారం వసూళ్లు చూశాక వేసుకోండి. ఓటీటీ కాపీలో కలుపుకున్నా ఎవరూ ఏమీ అనరు.