పశువుల పాక ఆత్మకథ

నాలుగు వెదురు దబ్బలు, రెండు మోపుల వరిగడ్డి, పన్నెండు మట్టిబొమ్మలు. తన కథ తానే చెప్పుకుంటున్న ఈ పాక ఆస్తి ఇంతే. హవేలిఘనపూర్‌లో ఒక ఇంటి వరండాలో ఏటా డిసెంబరులో క్రిస్మస్‌కు ఇది లేస్తుంది. ఊళ్లోవాళ్లు చూసి కొట్టం అనేస్తారు, తప్పేం లేదు. అయితే ఈ కొట్టం ఒక్క సువార్తలోంచి పుట్టలేదు. మత్తయి చెప్పింది, లూకా చెప్పింది ఒకే కప్పు కిందికి చేర్చితే ఇది తయారైంది. మార్కు, యోహాను క్రీస్తు పుట్టుక కథ జోలికే పోలేదు.

మధ్యలో ఉన్న తొట్టె లూకాది, గొర్రెల కాపరులూ ఆయన మనుషులే. అటువైపు నిలబడ్డ జ్ఞానులు మత్తయివాళ్లు. మత్తయి లెక్కన వాళ్లు వచ్చింది పాకకు కాదు, ఇంటికి. ముగ్గురని కూడా ఆయన అనలేదు. బంగారం, సాంబ్రాణి, బోళం అని కానుకలు మూడు కనిపించేసరికి మనుషుల్నీ మూడు చేశారు. కొమ్ము విరిగితే జిగురుతో అతికించిన ఎద్దు, దాని పక్కన గాడిద ఇద్దరి కథల్లోనూ లేవు. యెషయా గ్రంథం మొదటి అధ్యాయంలోని ఒక మాట పట్టుకుని తర్వాతివాళ్లు వాటిని తోలుకొచ్చారు. 1223లో ఇటలీలోని గ్రేచ్చోలో అస్సీసీ ఫ్రాన్సిస్ నిజం ఎద్దునీ గాడిదనీ నిలబెట్టి పండుగ చేశాడు. ఈ పాకకు ముత్తాత అదే అనుకోవచ్చు.

బొమ్మలు కలిసినంత సులువుగా దారులు కలవవు. లూకాలో యోసేపు, మరియలది నజరేతు. జనాభా లెక్క కోసం బేత్లెహేము వెళ్తారు, యెరూషలేము దేవాలయంలో ఆచారం ముగించుకుని ఇంటికి తిరిగొస్తారు. మత్తయిలో కథ బేత్లెహేములోనే మొదలవుతుంది. రాజు హేరోదుకు భయపడి ఐగుప్తు పారిపోయి, చివరికి నజరేతు చేరతారు. ఐగుప్తు మాట లూకా ఎత్తడు, లెక్కల మాట మత్తయి ఎత్తడు. చెప్పకపోవడం కాదనడం కాదు కాబట్టి, జ్ఞానులు చాలా నెలల తర్వాత వచ్చారనుకుంటే కొంత సర్దుకుంటుంది.

వంశావళిలో యోసేపు తండ్రి మత్తయికి యాకోబు, లూకాకు హేలీ. దావీదు తర్వాత ఒకరు సొలొమోను వైపు, ఇంకొకరు నాతాను వైపు నడుస్తారు. యాకోబు, హేలీ ఒకే తల్లి బిడ్డలని, పిల్లల్లేకుండా పోయిన సోదరుడి భార్యను రెండోవాడు చేసుకున్నాడని 3వ శతాబ్దంలో జూలియస్ ఆఫ్రికానస్ వివరించాడు. లూకాది మరియ వంశమని మరికొందరు అంటారు. రెండూ కుదిరే మాటలే, రుజువు మాత్రం దేనికీ లేదు.

అసలు ముడి సంవత్సరం దగ్గర పడుతుంది. మత్తయి ప్రకారం క్రీస్తు పుట్టినప్పుడు రాజుగా ఉన్న హేరోదు క్రీ.పూ. 4లో చనిపోయాడని ఎక్కువమంది చరిత్రకారుల లెక్క. ఆ జనాభా లెక్కప్పుడు అధిపతి అని లూకా చెప్పే కురేనియ సిరియాకు అధిపతిగా వచ్చి లెక్కలు రాయించింది క్రీ.శ. 6లో అని యూదు చరిత్రకారుడు జోసెఫస్ రాశాడు. మధ్యలో దాదాపు పదేళ్లు. కురేనియ అంతకుముందే ఒకసారి పాలించాడనీ, లూకా మాటకు ‘కురేనియ కంటే ముందు’ అని అర్థం చెప్పుకోవాలనీ వాదించినవాళ్లున్నారు. ఈ పాకకు అవి అతికించిన కొమ్ములాగే కనిపిస్తాయి.

డిసెంబరు 25 అన్న తేదీ కూడా ఏ సువార్తలోనూ లేదు. పక్కనే మెదక్‌లో మిషనరీ పాస్నెట్ దొర కట్టించిన పెద్ద చర్చికి 1924లో అదే తేదీన ప్రతిష్ఠ చేశారు. జనవరి మొదటి వారంలో మత్తయి బొమ్మలు, లూకా బొమ్మలు ఒకే రేకు పెట్టెలోకి పోతాయి. గడ్డి బర్రెకు వేస్తారు.