పప్పుబెల్లాల బడి

మూడేళ్లు నిండీ నిండని పిల్లవాడికి టై ఎందుకయ్యా అని అడిగితే మా ఇంట్లో నన్ను చూసి నవ్వుతారు. పొద్దున్న ఏడున్నరకల్లా సందు చివర వ్యాను హారన్ మోగుతుంది. సగం నిద్రలో, నోట్లో ఇడ్లీ ముక్కతో, వాడి వీపుకంటే వెడల్పాటి సంచీ తగిలించుకుని మా మనవడు పరిగెడతాడు. సాయంత్రం హోంవర్కు. బలపం పట్టడానికే కుదురుకోని వేళ్లతో నాలుగు గీతల మధ్య ఏబీసీడీలు దిద్దాలి. ఫీజు రసీదు ఒకసారి నా కంట పడింది. నా ఉద్యోగంలో మొదటి పదేళ్ల జీతం కూడబెట్టినా అంత కాదు.

"అందరూ పంపిస్తున్నారు మామయ్యగారూ, మనం పంపకపోతే వెనకబడిపోతాడు" అంటుంది కోడలు. ఎవరి వెనక? అక్కడున్నవాళ్లందరూ మూడేళ్లవాళ్లే కదా!

మా రోజుల్లో ఆరో ఏడు వస్తేగాని బడి గడప తొక్కేవాళ్లం కాదు. అంతమాత్రాన అప్పటిదాకా ఏమీ నేర్వలేదని కాదు. చింతగింజలతో లెక్కలు వచ్చాయి, వామనగుంటలతో కూడికలు వచ్చాయి, అమ్మమ్మ కథలతో మాట తిరిగింది. ఏ ఇంటి అరుగు మీద ఆడుకుంటే ఆ ఇంట్లోనే ఇంత పెరుగన్నం. ఎవరి పిల్లాడైనా సరే, చెరువు వైపు నాలుగడుగులు వేశాడంటే ఏదో ఒక వాకిట్లోంచి కేక వినపడేది.

ఆ తరవాత వీధిబడి. పంతులుగారికి జీతమిచ్చే సర్కారు లేదు, ఊరే సర్కారు. దసరా వచ్చిందంటే మమ్మల్ని వెంటేసుకుని ఇల్లిల్లూ తిరిగేవారు. మా చేతుల్లో రంగుకాగితాలు చుట్టిన విల్లంబులు. బాణం లాగి వదిలితే పువ్వులూ బుక్కా చిమ్మేవి. ప్రతి గుమ్మం ముందూ దసరా పద్యాలు గొంతు చించుకుని పాడేవాళ్లం. పంతులుగారికి డబ్బో, బియ్యమో, పంచెల చాపో ముట్టేది, మాకు పప్పుబెల్లాలు. ఇప్పుడు పత్రికలవాళ్లు దసరా సంచికల్లో దాన్ని తియ్యని జ్ఞాపకంగా రాసి, పక్కన ఓ బొమ్మ వేసి సరిపెడుతున్నారు. అసలు సంగతి వాళ్లకు పట్టలేదు. అది ఊరు బడికి ఏటా చెల్లించిన బాకీ. పిల్లల్లేని ఇల్లు కూడా ఇచ్చేది, పిల్లలు పెద్దవాళ్లై వెళ్లిపోయిన ఇల్లూ ఇచ్చేది. ఇచ్చారు గనక అడిగేవాళ్లు కూడా. "ఏం పంతులుగారూ, ఈ భడవాకి ఎక్కాలు ఎందాకా వచ్చాయి?" అని అరుగు మీంచే నిలదీసేవాళ్లు. పంతులుగారు నీళ్లు నమిలితే మరుసటి ఏడు పంచెల చాపు ఉత్తరీయమైపోయేది.

ఆ ఊరేగింపు ఎక్కడ ఆగేదో కూడా చెప్పాలి. దళితవాడ మొదలయ్యేచోట ఆగి వెనక్కి తిరిగేది. అక్కడి పిల్లలెవరూ ఆ బడి అరుగెక్కలేదు. పైకులాల ఇళ్లలోనైనా ఆడపిల్లల్ని పంపినవాళ్లు తక్కువే. పాత రోజుల్ని తలచుకుని మురిసిపోయే నా ఈడువాళ్లలో చాలామంది ఈ ముక్క దగ్గరికి రాగానే దగ్గుతారు. వాళ్లు "ఊరంతా" అన్నది సగం ఊరే.

మిగతా సగాన్ని కలపాలని చూసినవాళ్లు తరవాత వచ్చారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు పెడితే దానికి మొదటి అధ్యక్షురాలు మన దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఆ బోర్డు గ్రాంటుతో పల్లెల్లో బాలవాడీలు వెలిశాయి. నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన ఈ ఊళ్లోనే ఒకటుండేది. మహిళా మండలి ప్రెసిడెంటుగారు తమ పెంకుటింటి వసారా ఇచ్చారు. చాపలూ గిన్నెలూ ఇంటింటా అడిగి తెచ్చినవే. గ్రాంటు ఆలస్యమైతే మండలి ఆడవాళ్లు గుప్పెడు బియ్యం చొప్పున పోగుచేసి పొయ్యి వెలిగించేవారు. ప్రెసిడెంటుగారి మనవడూ, వాళ్ల పాలేరు కొడుకూ ఒకే చాప మీద కూర్చుని పాలపొడి పాలు తాగేవారు. మొదట్లో గొణిగినవాళ్లు లేకపోలేదు. "నా మనవడికి లేని అంటు మీకెక్కడిది?" అని ఆవిడ ఒక్కసారి అనేసరికి నోళ్లు పడిపోయాయి. అధికారి వచ్చి వంద జీవోలు చదివినా జరగని పని అది.

మహారాష్ట్రలోనైతే అంతకుముందే, 1945లో, తారాబాయి మోడక్, అనుతాయి వాఘ్ కలిసి బోర్డీ గ్రామంలో పల్లె పిల్లల బడి మొదలుపెట్టారు. పేద పిల్లలు బడికి రావడం లేదని గ్రహించి బడినే వాళ్ల వాకిట్లోకి తీసుకుపోయారు. ఇవాళ మనకు తెలిసిన అంగన్‌వాడీకి మూలం అక్కడుంది. 1975 అక్టోబరు 2న కేంద్ర ప్రభుత్వం 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం (ఐసీడీఎస్) మొదలుపెట్టింది. ఆ పథకం కింద ఇప్పుడు దేశమంతటా దాదాపు 14 లక్షల అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 55,607, తెలంగాణలో 35,700. తిండి, టీకాలు, ఆట, పాట, తూకం, బాలింతల సంరక్షణ అన్నీ ఒక్క గదిలో. మా రోజుల్లో ఇంతటిది కలలో కూడా లేదు. అది ఒప్పుకోకుండా నసిగే ముసలాణ్ని కాను.

నా నస వేరే. ఇంత పెద్ద ఏర్పాటు చేతికొచ్చాక ఊళ్లో ఉన్నవాళ్లం దాన్ని పేదవాళ్ల బడి అని పేరు పెట్టి వదిలేశాం. ప్రెసిడెంటుగారి మునిమనవడు వ్యానెక్కాడు. వాడితోపాటు ఆ ఇంటి చూపు కూడా వ్యానెక్కింది. ఇప్పుడు గది కప్పు కారితే అడిగేవాడు లేడు, గుడ్డు చిన్నదొస్తే అడిగేవాడు లేడు. అక్కడ మిగిలిన తల్లులు పొద్దున్నే కూలికి పోవాలి. వాళ్లు అడిగినా ఆఫీసుల్లో వినేదెవరు? గుమ్మం ముందు నిలబడి "ఎక్కాలు ఎందాకా వచ్చాయి?" అనే నోరుంది చూశారూ, డబ్బుకంటే ముందు మనం వెనక్కి లాక్కున్న పెట్టుబడి అదే.

డబ్బు సంగతీ చూద్దాం. 2017లో కేంద్రం ఖరారు చేసిన లెక్కలో ఆరు నెలల నుంచి ఆరేళ్లలోపు బిడ్డ తిండికి రోజుకు 8 రూపాయలు. బిడ్డ మరీ చిక్కిపోయి ఉంటే 12. గుడ్లకనీ పాలకనీ రాష్ట్రాలు తమ వంతు కలుపుతున్నాయి గాని, పునాది లెక్క అది. 8 రూపాయలకు మా ఊరి సెంటర్లో టీ కూడా రాదు. ఆరేళ్లు నిండేలోపే మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా పూర్తవుతుందని 2020 జాతీయ విద్యా విధానంలో రాసుకున్నదీ ఆ కేంద్రమే.

అంగన్‌వాడీ టీచరమ్మకు కేంద్రం లెక్కలో ఇచ్చేది జీతం కాదట, గౌరవ వేతనం. 2018 నుంచి అది నెలకు 4,500. పైన రాష్ట్రం కలిపేది కలుపుతుంది. గ్రాట్యుటీకి వీళ్లూ అర్హులేనని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. మా వీధి టీచరమ్మను పలకరిస్తే ఫోను చూపించింది. "మాస్టారూ, ఈ పోషణ్ ట్రాకర్ యాప్‌లో తూకం ఎక్కించాలి, ఎత్తు ఎక్కించాలి, తల్లి మొహం ఫొటోతో సరిపోవాలి. సిగ్నలు లేకపోతే డాబా ఎక్కుతాను. ఇంక పిల్లలకి పాట ఎప్పుడు చెప్పేది?" నా దగ్గర జవాబు లేదు. మా రోజుల్లో ఇన్‌స్పెక్టరు ఏడాదికోసారి వచ్చి, కాఫీ తాగి పోయేవాడు. ఇప్పుడు ఇన్‌స్పెక్టరు ఆవిడ చేతిలోనే కాపరం పెట్టాడు.

రాజ్యాంగం కూడా ఈ చిన్నవాళ్ల దగ్గర చెయ్యి వెనక్కి తీసుకుంది. పద్నాలుగేళ్లు నిండేవరకు పిల్లలందరికీ పదేళ్లలో ఉచిత విద్య అందించేందుకు ప్రయత్నించాలని 45వ అధికరణంలో మొదట రాసుకున్నారు. 2002లో 86వ సవరణ తెచ్చి ఆరు నుంచి పద్నాలుగేళ్లవారికి చదువును ప్రాథమిక హక్కు చేశారు. ఆరేళ్లలోపువారిని మాత్రం ఆదేశిక సూత్రాల్లోనే ఉంచేశారు. కొంత ఆదుకున్నది కోర్టే. 40 మంది ఆరేళ్లలోపు పిల్లలున్న పల్లె గాని, మురికివాడ గాని అడిగితే మూడు నెలల్లో అంగన్‌వాడీ ఇవ్వాలని 2006 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ సంగతి ఎంతమందికి తెలుసు?

ఊళ్లో డబ్బు లేదని మాత్రం ఎవరూ చెప్పొద్దు. గుడికి కొత్త గోపురం లేచింది, ఊరి మొగలో స్వాగత తోరణం లేచింది, చలవరాళ్ల మీద దాతల పేర్లు బంగారు రంగులో మెరుస్తున్నాయి. డల్లాస్‌లో ఉన్న కుర్రాళ్లు చదువుకున్న హైస్కూలుకి బెంచీలు పంపారు, సంతోషం. వాళ్లలో కొందరు చిన్నప్పుడు గుప్పెడు బియ్యంతో నడిచిన ఆ వసారాలో పాలు తాగినవాళ్ల మనవలే. అంగన్‌వాడీకి చిన్న సైజు మరుగుదొడ్డి కట్టించాలని వాళ్లకెవరూ చెప్పలేదు. ఆ గోడ మీద పలక పెడితే చదివేవాళ్లుండరని కాబోలు!

గ్రామసభ ఎలాగూ అక్టోబరు 2న జరుగుతుంది. ఈసారి వెళ్లండి. మన ఊరి అంగన్‌వాడీలో ఎంతమంది పిల్లలు తూకం తక్కువున్నారో రిజిస్టరు తెప్పించి అందరిముందూ చదవమనండి. మీ పిల్లలు అక్కడికి పోకపోయినా సరే, అడగండి. మా నాన్నగారు ఇంట్లో పిల్లలందరూ పెద్దవాళ్లయ్యాక కూడా పంతులుగారికి దసరా పంచెల చాపు ఇస్తూనే ఉన్నారు.