ర్యాంపు చివర రాయి

నలభై ఏళ్ల కిందట నేను డిగ్రీ వెలగబెట్టిన కాలేజీ నుంచి మొన్న ఫోనొచ్చింది. నేనింకా ఉన్నానో లేదో ముందు కనుక్కుని, ఉన్నానని తేలాక పూర్వ విద్యార్థిగా పనికొస్తానా అని ఆరా తీశారు. "కాలేజీలకు గ్రేడు ఇచ్చే నాక్ వాళ్లు వస్తున్నారండీ. అలూమ్ని మీటింగులో ఇరవై తలలైనా కనబడాలి. తెల్లజుట్టుంటే మరీ మంచిది" అన్నాడు అవతలాయన. నా జుట్టు ఒక సంస్థకు అక్కరకు రావడం ఇదే మొదలు కాబట్టి సరేనన్నాను. రిహార్సలుకు రమ్మన్నారు. అవును, రిహార్సలే. పెళ్లిచూపులకు ముందురోజు అమ్మాయి చేత ఖాళీ కప్పుల ట్రే మోయించి చూసినట్టు.

వెళ్లేసరికి గేటు దగ్గరి నుంచే పెయింటు వాసన. చెట్లకు నడుం దాకా సున్నం, ఎర్రమన్ను పట్టీలు. మెట్ల పక్కన, మా రోజుల్లో లేనిది, ఒక ర్యాంపు.

ఆ ర్యాంపు గురించి కాస్త తీరిగ్గా చెప్పుకోవాలి. కాలేజీ వరండాకు 6 మెట్లు, మెట్టుకు అరడుగు, వెరసి 3 అడుగుల ఎత్తు. చక్రాల కుర్చీ ఎక్కే ర్యాంపుకు కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు చెప్పే లెక్క చిన్నపిల్లలకైనా అర్థమవుతుంది: అడుగు ఎత్తుకు కనీసం 12 అడుగుల పొడవు. అంటే 36 అడుగులైనా కావాలి. మావాళ్లు వేసింది 10 అడుగులు. దాన్ని చూస్తే ఎక్కాలనిపించదు, జారాలనిపిస్తుంది. పైగా నున్నగా సిమెంటు పాలు పోసి మెరుగుపెట్టారు. నేను రైలింగు పట్టుకుని ఎక్కుదామనుకున్నాను. రైలింగు ఎస్టిమేటులో ఉందట, ర్యాంపుకు లేదు.

మిగతా 26 అడుగులు ఏమయ్యాయంటే, అందులో అవినీతి ఏమీ లేదని ముందే మనవి చేస్తున్నాను. భవనం ముందు జాగా అంతా శిలాఫలకాలు. పాత భవనానికి శంకుస్థాపన రాయి ఒకటి, ప్రారంభోత్సవపు రాయి ఒకటి, అదనపు గదులకో జత, బోరుబావికొకటి. ర్యాంపును 36 అడుగులు సాగదీస్తే ఎవరో ఒక మాజీ మంత్రిగారి పేరు మీదుగా పోవాల్సిందే. మాజీ అయితే ఏం, రేపు మళ్లీ తాజా కావచ్చు. అందుకని ర్యాంపే ఒదిగింది. ఒదిగినందుకు దానికీ ఒక రాయి దక్కింది. నల్ల గ్రానైటు, బంగారు రంగు అక్షరాలు, "దివ్యాంగుల సౌకర్యార్థం" అని మొదలుపెట్టి పదకొండు పేర్లు. దాన్ని ఎక్కడ పాతారంటే, ర్యాంపు పైకి చేరి వరండాలోకి తిరగాల్సిన చోట, సరిగ్గా దారికి అడ్డంగా. ఫోటోలో ర్యాంపూ రాయీ రెండూ పడాలంటే అదే సరైన చోటని ఫోటోగ్రాఫర్ చెప్పాడట.

ఫోటో అంటే మామూలు ఫోటో కాదు, జియోట్యాగ్ ఫోటో. నాక్‌కు పంపే ప్రతి సౌకర్యానికీ అలాంటిది జత చేయాలి. బొమ్మ మీద తేదీ, గంట, అక్షాంశం, రేఖాంశం అన్నీ అచ్చవుతాయి. మా ర్యాంపు భూగోళం మీద ఎక్కడుందో ఇప్పుడు ఎవరైనా చెప్పగలరు. ఎంత వాలుగా ఉందో మాత్రం ఆ ఫోటోలో పడదు.

లోపలికి వెళ్తే వరండా పొడవునా పసుపుపచ్చ పలకలు. చూపులేనివాళ్లకు పాదానికీ చేతికర్రకూ తగిలి దారి చెప్పే పలకలవి. సెయిచీ మియాకే అనే జపాను ఆయన తయారుచేశాడు. 1967లో ఒకాయామాలో అంధుల పాఠశాల దగ్గర వీధిలో మొదటిసారి పరిచారు. వాటి భాష రెండే మాటలు. గీతలుంటే సాగిపో, చుక్కలుంటే ఆగు. మా తాపీమేస్త్రి ఆ భాషకు కవిత్వం జోడించాడు. ఒక పలక గీతలు, ఒక పలక చుక్కలు, మళ్లీ గీతలు, మళ్లీ చుక్కలు. "ఒకే రకం వేస్తే బోసిగా ఉంటుందండీ. ఇలా వేస్తే ముగ్గులా ఉంది కదా" అన్నాడు. ముగ్గులాగే ఉంది. చూపున్నవాళ్లకు. లేనివాళ్లు మాత్రం పద, ఆగు, పద, ఆగు అంటూ కవాతు చేసుకుంటూ పోయి చివర నోటీసు బోర్డుకు నుదురు తాకిస్తారు. అక్కడ పలకలు అయిపోయాయి.

నోటీసు బోర్డు పైన బ్రెయిలీ బోర్డు. బ్రెయిలీ అంటే వేళ్లతో తడిమి చదివే ఉబ్బెత్తు చుక్కలని నేను అనుకునేవాణ్ని. మావాళ్లు ఆ చుక్కల్ని ఫ్లెక్సీ మీద ప్రింటు కొట్టించి, పిల్లలు చింపకుండా తొమ్మిదడుగుల ఎత్తున కట్టించారు. కింద మూలలో ఫ్లెక్సీ షాపు ఫోన్ నంబరు ఉంది. అది మామూలు తెలుగులోనే.

ఇవన్నీ చూసి కాలేజీ వాళ్లకు శ్రద్ధ లేదనుకుంటే పొరపాటు. నిజానికి వాళ్లు ఇదంతా చేయక్కర్లేదు. అనుబంధ కళాశాలలకు నాక్ ఇచ్చిన పాత మాన్యువల్‌లో ఒక ప్రశ్న ఉంది. సౌరశక్తి లాంటి ప్రత్యామ్నాయ ఇంధనం, చెత్త నిర్వహణ, నీటి పొదుపు, పచ్చదనం, దివ్యాంగులకు అడ్డంకుల్లేని వాతావరణం. ఈ ఐదింట్లో నాలుగున్నా పూర్తి మార్కులే. పరీక్ష పేపర్లో ఛాయిస్ ఇచ్చినట్టు. మొక్కలు నాటినవాడు మనుషుల్ని వదిలేసుకోవచ్చు. అలా వదిలేసే వెసులుబాటు ఉండి కూడా మావాళ్లు ఐదో ప్రశ్న రాశారంటే మెచ్చుకోవాలి. కొట్టివేతలు ఉంటే ఉండనీండి.

భద్రత సంగతి క్లుప్తంగా. సీసీ కెమెరాలు 16 ఉన్నాయి. వాటిలో చాలావాటి చూపు స్టాఫ్ హాజరు వేసే బయోమెట్రిక్ మిషన్ మీదే. వెనక ప్రహరీ కూలి, ఎవరు పడితే వాళ్లు లోపలికొచ్చే సందు దగ్గర ఒక్కటీ లేదు. ఆ సందు రికార్డుల్లో లేదు కదా, లేని చోట కెమెరా ఎలా పెడతారు? మంటలార్పే ఎర్ర సిలిండర్లు కెమిస్ట్రీ ల్యాబులో చక్కగా తుడిచి ఉన్నాయి. తుడిచినప్పుడు రీఫిల్ తేదీ చీటీ కూడా పోయిందట. అంతకంటే భద్రత ఏం కావాలి, గడువు దాటిందని ఇక ఎవరూ అనలేరు.

దివ్యాంగుల మరుగుదొడ్డి ఉంది. 2015 డిసెంబరులో ప్రధానమంత్రి రేడియోలో వికలాంగులను దివ్యాంగులని పిలుద్దామన్నారు. అదే నెల మొదట్లో సుగమ్య భారత్ కార్యక్రమం కూడా మొదలైంది. అప్పుడు మా కాలేజీ వారు బోర్డు మీద పాత మాట చెరిపి కొత్త మాట రాయించారు. తాళం మాత్రం పాతదే. తాళంచెవి అటెండరు జేబులో ఉంటుంది, అటెండరు బ్యాంకు పని మీద ఉంటాడు. ఆ రోజు దొరికాడు కాబట్టి తీసి చూపించాడు. చీపుళ్లు, ఫినాయిలు డబ్బాలు, మొన్నటి సెమిస్టరు అదనపు జవాబు పత్రాల కట్టలు. "ఎవరూ వాడటం లేదండీ, అందుకని సామాను పెట్టాం" అన్నాడు. సామాను ఉందని ఎవరూ వాడటం లేదేమో అన్నాను. ఆ కోణంలో తాను ఆలోచించలేదన్నాడు, నిజాయితీగానే.

అప్పుడే మెట్ల దగ్గర ఆ అమ్మాయిని చూశాను.

బీకాం కంప్యూటర్స్ రెండో ఏడు. చేత్తో తిప్పే మూడు చక్రాల బండి వేపచెట్టు కింద ఆపి వచ్చింది. పై అంతస్తుకు 22 మెట్లు. ఆమె మెట్లకు వీపు తిప్పి కూర్చుంది. రెండు చేతులకూ హవాయి చెప్పులు తొడుక్కుంది, నీలం రంగువి, అరచేతి మడమ తగిలేచోట అరిగిపోయి ఉన్నాయి. చేతుల మీద బరువేసి ఒక్కో మెట్టు వెనక్కి ఎక్కడం మొదలుపెట్టింది. ఆమె బ్యాగు మోసుకుంటూ ఒక నేస్తం, సెల్‌ఫోనులో ఏదో చూపిస్తూ, నవ్విస్తూ. మధ్యలో ఒక లెక్చరర్ దిగుతూ, గోడకు ఒదిగి దారిచ్చి, "గుడ్ మార్నింగ్ అమ్మా" అన్నారు. మర్యాదస్తులు.

"కష్టంగా లేదామ్మా?" అని, అడగకూడని ప్రశ్న అడిగాను.

"ఎక్కడం అలవాటే సార్. దిగేటప్పుడే, బెల్లు కొట్టగానే అందరూ ఒక్కసారిగా వస్తారు. వాళ్లు పోయేదాకా ఆగుతా."

"మరి మధ్యలో ఏదైనా అవసరమైతే?"

"పొద్దున్నుంచీ నీళ్లు తాగను సార్" అంది, బస్సు టైము చెప్పినట్టు.

క్లాసు కిందికి మార్చమని మొదటి ఏడే అర్జీ పెట్టుకుందట. సదరం సర్టిఫికెట్ జిరాక్సు జతచేసి మరీ. నాకు ఉత్సాహం వచ్చింది. ఇందులో ర్యాంపు లేదు, కాంట్రాక్టరు లేడు, ఎస్టిమేటు లేదు. టైంటేబుల్లో ఒక గది నంబరు కొట్టేసి ఇంకోటి రాస్తే సరి. బాల్‌పెన్ను ఖర్చు. ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్లాను. ఆయన ఇన్‌ఛార్జి ప్రిన్సిపాల్, మంచాయన, పది రోజులుగా నిద్రపోయినట్టు లేదు. కింద ఖాళీ గది ఏదీ లేదన్నారు. మరి ఈ పక్కది?

తలుపు తీయించారు. గది నిండా, కప్పు దాకా, కాళ్లు విరిగిన బెంచీలు.

"కండెమ్ చేయాలి సార్ ఇవి. కమిటీ వచ్చి చూడాలి. వచ్చేదాకా కదపడానికి లేదు. ఒక్క బెంచీ తగ్గినా ఆడిట్ అబ్జెక్షన్ రాస్తారు, రికవరీ నా జీతంలోంచి."

"ఆ అమ్మాయి పై అంతస్తులో ఉంటే?"

ఆయన నా వైపు కాసేపు చూశారు. "దానికి ఆడిట్ లేదు కదండీ" అన్నారు. వెటకారం కాదు. అలసటగా అన్నారు.

కాలు విరిగిన బెంచీలకు కింద గది. కాళ్లు రాని పిల్లకు పై గది. ఏ కవీ రాయనక్కర్లేని పద్యం, స్టాక్ రిజిస్టరే రాసిపెట్టింది.

చట్టం లేక కాదు. 1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తిస్తే 2016 చట్టం 21 రకాలను గుర్తించింది. ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం సీట్లు ఇమ్మంది. సీటు ఇచ్చారు, సీటు దాకా దారి ఇంకా మంజూరు కాలేదు. నిబంధనలు వచ్చిన ఐదేళ్లలోగా ప్రజలు వాడే ప్రభుత్వ భవనాలన్నీ అందరికీ అందుబాటులోకి రావాలంది. నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి, అంటే గడువు 2022 జూన్‌తో సరి. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటి తప్పుకు జరిమానా 10 వేల దాకా. గ్రానైటు రాయి, షామియానా, శాలువాలు కలిపితే అంతకంటే ఎక్కువే అవుతుంది కాబట్టి కొందరు జరిమానాయే నయమనుకునే ప్రమాదమూ ఉంది. సుప్రీంకోర్టు మన హైదరాబాద్ నల్సార్ లా యూనివర్సిటీ వాళ్ల చేత దేశంలో పరిస్థితి మీద నివేదిక రాయించుకుని, 2024 నవంబరు 8న, కొలతల్ని సలహాలుగా వదిలేస్తే కుదరదు, తప్పనిసరి చేయండి, మూడు నెలల్లో నియమాలు తేల్చండి అని కేంద్రానికి చెప్పింది. సలహాకీ నియమానికీ తేడా మా ర్యాంపుకు బాగా తెలుసు. అది సలహాల కాలంలో పుట్టింది.

మా మేనల్లుడు అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలో చదువుతున్నాడు. మన డిగ్రీ కాలేజీ లాంటిదే మామయ్యా, చుట్టుపక్కల వాళ్లే వస్తారు అంటాడు. తలుపు పక్కన బటన్ నొక్కితే అదే తెరుచుకుంటుందని వీడియో పంపాడు. ఆ తలుపు కూడా ఊరికే తెరుచుకోలేదులెండి. 1990 మార్చి 12న అక్కడి పార్లమెంటు భవనం ముందు, చక్రాల కుర్చీలూ ఊతకర్రలూ కింద వదిలేసి, కొందరు మెట్ల మీద పాకుతూ ఎక్కారు. అదే ఏడు జులైలో వికలాంగుల హక్కుల చట్టం మీద సంతకం పడింది. ఒక్క పూట పాకితే అంత కదిలింది. మా బీకాం అమ్మాయి రోజూ 22 మెట్లు ఎక్కుతోంది. 16 కెమెరాల్లో ఒక్కదాని ముఖమూ ఆ మెట్ల వైపు లేదు.

నాక్ బృందం వచ్చిన రోజున నేనూ తెల్లజుట్టు దువ్వుకుని వెళ్లాను. ర్యాంపు మీద అటూ ఇటూ బంతిపూల కుండీలు, వాటి మధ్య అమ్మాయిలు పళ్లేలు పట్టుకుని. చాలా అందంగా ఉంది. బృందం మెట్ల మీదుగా వెళ్లింది. బీకాం రెండో ఏడుకు ఆ రోజు సెలవు ఇచ్చారు. మీటింగులో మమ్మల్ని కాలేజీ గురించి రెండు మాటలు చెప్పమంటే, మా వాళ్లంతా తాము ఇంతవాళ్లు కావడానికి ఈ కాలేజీయే కారణమన్నారు. నేనూ అన్నాను. భోజనాలు పెడుతున్న వాసన వస్తోంది, ఇంకేమంటాను.

గ్రేడు బాగానే వచ్చిందని తెలిసింది. నెల తర్వాత గ్రూపు ఫోటో ఇస్తామంటే వెళ్లాను. బెంచీల గది ఖాళీ! కమిటీ వచ్చి కండెమ్ చేసిందట. గోడలకు లేత ఆకుపచ్చ రంగు, తలుపు మీద "దివ్యాంగుల వనరుల కేంద్రం" అని కొత్త బోర్డు. తలుపుకు తాళం. కిటికీలోంచి చూశాను. మధ్యలో సరికొత్త చక్రాల కుర్చీ, పాలిథిన్ కవరుతో సహా. చుట్టూ బంతిపూల కుండీలు, పూలు ఎండిపోయాయి.

"కవరు తీయలేదేమయ్యా?" అన్నాను అటెండరుతో.

"తీస్తే పాతదైపోద్దండీ. రేపెవరన్నా వస్తే ఏం చూపిస్తాం?"

బెల్లు కొట్టారు. పిల్లలంతా దిగిపోయాక మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది, నెమ్మదిగా, జతజతగా. ఆ అమ్మాయి చివరి మెట్టు మీద కూర్చుని, చేతుల చెప్పులు తీసి ఒకదానికొకటి కొట్టి దుమ్ము దులుపుతోంది.

"ఆ గది మీ కోసమే కదమ్మా?"

"అవును సార్. ఓపెనింగ్ కాలేదు. రాయి చెక్కుతున్నారంట."